పదహారు చానళ్లలో మన డప్పుకూ చోటివ్వండి
యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పాలకమండలికి కందుకూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకమండలి సభ్యులకు,

మీ విశ్వవిద్యాలయానికి 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేటలో శంకుస్థాపన జరిగింది. అది మా కందుకూరు మండలం. శ్రీశైలం రోడ్డు మీద ఏ హోటల్లో కూర్చున్నా వినబడేవి ఎకరం ధర, ఫార్మా, ఫ్యూచర్ సిటీ మాటలే. యూనివర్సిటీ గురించి మొదట చెప్పినప్పుడు ఫార్మా, లాజిస్టిక్స్, బ్యాంకింగ్, యానిమేషన్ కోర్సుల పేర్లు వినిపించాయి. ఆ వరుసలో ఇంకొక్క పనిని చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

ఆ పని మ్యూజిక్ ప్రోగ్రామింగ్. ఒక కీబోర్డు, ఒక సౌండ్ మాడ్యూల్, స్వరాలను వరుసగా దాచి మళ్లీ వాయించే ఒక సీక్వెన్సర్ పెట్టుకుని పాటకు కావలసిన వాద్యాలన్నీ ఒక్కరే కూర్చే పని. నేను బతుకుతున్నది దాని మీదే. జానపద పాటలకు ట్రాకులు కడతాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలకు కీస్ వాయిస్తాను. ఈరోజు తెలంగాణలో యూట్యూబ్ కోసం తయారయ్యే జానపద పాటల్లో చాలా వాటికి బేస్, ఫ్లూట్, షెహనాయి, స్ట్రింగ్స్, డ్రమ్స్ అన్నీ ఇలా ఒక్క మనిషి వేళ్ల నుంచే వస్తున్నాయి. పాడినవాళ్ల పేరు, రాసినవాళ్ల పేరు జనానికి తెలుస్తాయి. ఈ మనిషి పేరు వీడియో కింద చిన్న అక్షరాల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు.

తెలుగు పాటకు ఇది కొత్త పనేమీ కాదు. ఇళయరాజా 1986లో 'పున్నగై మన్నన్' అనే తమిళ సినిమా కోసం కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. ఏ.ఆర్. రెహమాన్ సొంతంగా సినిమాలు చేయకముందు మన రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. మణిశర్మ కూడా సంగీత దర్శకుడు కాకముందు కీబోర్డు ముందు కూర్చున్నవారే. ఒక తరం పాటల ధ్వనినే మార్చేసిన ఈ పనిని నేర్చుకోవాలంటే మా ఊరి పిల్లలకు ఇప్పటికీ ఒకటే దారి. కృష్ణానగర్‌లోనో యూసఫ్‌గూడలోనో ఎవరో ప్రోగ్రామర్ వెనక నిలబడి చూడాలి. జీతం ఉండదు, గది అద్దె ఇంటినుంచి రావాలి, ఆయనకు తీరికున్నప్పుడు చెప్పిందే పాఠం. ఆడపిల్లలకు ఆ దారి మరీ ఇరుకు. అర్ధరాత్రి దాటాక ముగిసే సెషన్లకు ఏ ఇంట్లో పంపిస్తారు? మా మండలంలోనే ఒక క్లాస్‌రూమ్ ఉంటే ఆ ఇబ్బందుల్లో సగం అక్కడికక్కడే తీరిపోతాయి.

అయితే కోర్సు పెట్టండి అని మాత్రం రాసి ఊరుకుంటే, ఖరీదైన కంప్యూటర్లు కొని, సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో చూపించే క్లాసు ఒకటి తయారవుతుందేమోనని నా భయం. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను: పదహారు పార్టుల సౌండ్ మాడ్యూల్‌తో.

సౌండ్ మాడ్యూల్ అంటే మెట్లు లేని కీబోర్డు అనుకోండి. తనంతట తాను ఏమీ వాయించదు. 'మూడో చానల్, 60వ నంబరు స్వరం, ఇంత బలం' అని మిడి అనే డిజిటల్ భాషలో తీగ మీదుగా ఆజ్ఞ రావాలి. అప్పుడు మూడో చానల్‌కు కేటాయించిన వాద్యంతో పలుకుతుంది. ఒకే పెట్టె ఒకే సమయంలో ఒక చానల్లో ఫ్లూట్, ఇంకో చానల్లో బేస్, మరో చానల్లో డ్రమ్స్ పలికించగలిగితే దాన్ని మల్టీటింబ్రల్ అంటారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600ను, రోలాండ్ వారి జూపిటర్-6ను తీగతో కలిపి ఒకదాంతో ఒకటి వాయించి చూపించారు. పోటీ కంపెనీల వాద్యాలు మిడి అనే ఒకే భాష మాట్లాడటం అప్పుడు మొదలైంది. ఆ భాషకు ప్రాణం పోసిన డేవ్ స్మిత్‌కు, ఇకుటారో కకెహాషికి 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. 1987లో వచ్చిన రోలాండ్ ఎంటీ-32లో ఎనిమిది వాద్యాలు, ఒక రిథమ్ పార్టు ఉండేవి. 1991లో వచ్చిన సౌండ్ కాన్వాస్ ఎస్‌సీ-55లో పార్టులు 16కు పెరిగాయి. ఒకేసారి పలికే వాయిస్‌లు మాత్రం 24. 1994 నాటి జేవీ-1080లో అవి 64 అయ్యాయి.

ఇంత పాత పెట్టెల గురించి 2024లో పుట్టిన యూనివర్సిటీకి ఎందుకు చెప్పడం అంటారేమో. నేను అడిగేది పాత సరుకు కొనమని కాదు. రోలాండ్, యమహా, క్యాసియోల కీబోర్డులు చాలా మటుకు యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే పదహారు చానళ్ల మాడ్యూల్‌గా పనిచేస్తాయి. మా చుట్టుపక్కల ఊళ్లలో ఏ భజన బృందం దగ్గర చూసినా, ఏ చర్చిలో చూసినా అలాంటి కీబోర్డు ఒకటి ఉంటుంది. దానిలో ఈ శక్తి ఉందని వాయించేవాళ్లలో చాలామందికి తెలియదు. మీరు కొనాల్సింది తక్కువ, నేర్పాల్సింది ఎక్కువ.

ఇక అసలు కారణానికి వస్తాను. ల్యాప్‌టాప్‌లో ట్రాకులకు అంతుండదు. నేర్చుకునే పిల్లాడు నలభై ట్రాకులు పేర్చి, ఏదీ సరిగా వినబడక, ఇంకో పది చేరుస్తాడు. ఎస్‌సీ-55 లాంటి పెట్టెలో ఆ వీలు లేదు. లెక్క చూడండి. ఒక జానపద పాటకు బేస్ ఒక వాయిస్. ఫ్లూట్ ఒకటి. స్ట్రింగ్స్‌లో నాలుగు స్వరాల కార్డ్ పట్టాం, ఆ టోన్‌లో రెండు పొరలున్నాయి, కాబట్టి ఎనిమిది. ప్యాడ్‌లో మూడు స్వరాలు, అక్కడా రెండు పొరలు, ఆరు. మ్యాండలిన్ రెండు. రిథమ్‌లో ఒక క్షణాన ఐదు దెబ్బలు మోగుతున్నాయి. మొత్తం 23. ఇప్పుడు షెహనాయి బిట్ రావాలి, దానికి రెండు పొరలు. 25 అయింది. పెట్టె దగ్గర ఉన్నవి 24. ఎక్కడో ఒక స్వరం నోరు మూసుకుంటుంది. ఏది మూసుకోవాలో మనం ముందే చెప్పకపోతే పెట్టే నిర్ణయించుకుంటుంది. రోలాండ్ జీఎస్ పద్ధతిలో పదో చానల్‌లోని డ్రమ్స్‌కు అన్నిటికన్నా ముందు వరుస, తర్వాత ఒకటో చానల్, రెండో చానల్ అలా. అందుకే అనుభవమున్నవాళ్లు ప్రధాన వాద్యాన్ని ఒకటో చానల్లో, తప్పిపోయినా ఎవరూ గమనించని ప్యాడ్‌ను చివరి చానళ్లలో పెడతారు. దానికన్నా మంచి దారి ఇంకొకటుంది: స్ట్రింగ్స్‌లో నాలుగు స్వరాలు ఎందుకు, బేస్ ఇప్పటికే ఆధార స్వరం పట్టుకుంది కదా, రెండు చాలవా అని అడగడం. ఆ ప్రశ్న అడిగిన రోజున ఆ పిల్లాడికి వాద్య సమ్మేళనం అర్థం కావడం మొదలవుతుంది. ఏది వదిలేయాలో నేర్పే గురువు ఆ ఇరవై నాలుగు అనే అంకె.

రెండో పాఠం కాలం గురించి. మిడి తీగలో సెకనుకు 31,250 బిట్లు మాత్రమే పోతాయి. ఒక స్వరం మొదలుపెట్టమనే ఆజ్ఞకు మూడు బైట్లు, అంటే తీగ మీద 30 బిట్లు. ఒక్కో ఆజ్ఞకు దాదాపు ఒక మిల్లీసెకను. పది వాద్యాలు ఒకే బీటు మీద పడాలని మనం రాసినా తీగలో అవి ఒకదాని వెనక ఒకటి వరుసలో వెళతాయి. మొదటిదానికీ పదోదానికీ దాదాపు తొమ్మిది మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. నిమిషానికి 120 బీట్ల టెంపోలో, బీటుకు 480 టిక్కులున్న సీక్వెన్సర్‌లో ఒక టిక్కు కూడా దాదాపు ఒక మిల్లీసెకనే. కాబట్టి బేస్ డ్రమ్‌ను, డోలును బీటు మీదే ఉంచి, మెల్లగా ఊపందుకునే స్ట్రింగ్స్‌ను, ప్యాడ్‌ను నాలుగైదు టిక్కులు వెనక్కి జరిపితే రిథమ్ గట్టిగా కూర్చుంటుంది. యూఎస్‌బీ తీగలో ఈ ఇరుకు అంతగా లేదు. అయినా ఏ దెబ్బ ముందు పడాలి, ఏది ఆగగలదు అని ఆలోచించే అలవాటు ప్రోగ్రామర్‌కు జీవితమంతా పనికొస్తుంది.

బోనాలప్పుడు, గణేశ్ నిమజ్జనమప్పుడు కాళ్లను ఊరికే ఉండనివ్వని తీన్మార్ దెబ్బను తీసుకోండి. కొత్తవాళ్లు దాన్ని వాయించి, వెంటనే క్వాంటైజ్ నొక్కుతారు. బీటును నాలుగు సమాన భాగాలుగా కోసే గడిలో దెబ్బలన్నీ పడి, పాట సైనిక కవాతులా నడుస్తుంది. తీన్మార్ నడక మూడు భాగాల బీటు మీద ఉంటుంది. 480 టిక్కుల్లో చివరి దెబ్బ 320 దగ్గర పడాలి. నిజంగా వాయించే మనిషి చేతిలో అది ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనక పడుతుంది. ఆ తేడాలోనే ఊపుంది. మన వీధుల్లో మోగే దెబ్బను టిక్కుల్లో కొలిచి, కొలిచినదాన్ని మళ్లీ చెవితో సరిచూసే పాఠం ఏ సాఫ్ట్‌వేర్ ట్యుటోరియల్‌లోనూ దొరకదు. దాన్ని మన దగ్గరే తయారుచేసుకోవాలి.

మూడోది శ్రుతి పాఠం. స్వరాన్ని జార్చే పిచ్‌బెండ్ చక్రానికి 16,384 మెట్లున్నాయి. మామూలుగా అది రెండు సెమీటోన్లు పైకి, రెండు కిందికి లాగుతుంది. మన పాటలో గమకం పలకాలంటే అదే దిక్కు. అయితే అది చానల్ మొత్తానికి వర్తిస్తుంది. కార్డ్ పట్టిన చానల్లోనే గమకం కూడా వేస్తే స్వరాలన్నీ కలిసి జారిపోతాయి. జారే వాద్యానికి విడిగా ఒక చానల్ ఇవ్వాలి. ఆ చక్రం తిప్పినప్పుడల్లా వందల కొద్దీ ఆజ్ఞలు పుడతాయి. వాటిని పలచబరచకపోతే వాటి వెనక చిక్కుకున్న డ్రమ్స్ తడబడతాయి. పదహారు చానళ్లను ఎలా పంచాలన్నది ఇలా పాట స్వభావాన్ని బట్టి తేలే విషయం. బైండ్ల వాళ్లు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే జమిడికలో తీగను బిగిస్తూ, వదులుతూ స్వరాన్ని సాగదీస్తారు. దాన్ని ప్రోగ్రామ్ చేయాలంటే దెబ్బ, బెండ్ రెండూ ఒకే చానల్లో, వేరే వాద్యం తోడు లేకుండా ఉండాలి.

జమిడిక మాట వచ్చింది కాబట్టి ఈ లేఖలోని ముఖ్యమైన సంగతికి వస్తాను. 1991లో జనరల్ మిడి ప్రమాణం తయారైంది. ఏ కంపెనీ పెట్టెలోనైనా ఒకే నంబరుకు ఒకే వాద్యం పలకాలని 128 టోన్లకు నంబర్లిచ్చారు. 105లో సితార్ ఉంది. 107లో జపాన్ షామిసెన్, 108లో కోటో, 112లో షెహనాయి. పదో చానల్లో 35 నుంచి 81 వరకు 47 తాళవాద్యాలున్నాయి. బోంగో ఉంది, కాంగా ఉంది, తింబాలే ఉంది, బ్రెజిల్ కుయీకా కూడా ఉంది. తబలా లేదు, మృదంగం లేదు, డప్పు లేదు. ఆ తర్వాత మన దేశం కోసం చేసిన కీబోర్డుల్లో తబలా, ఢోలక్ వచ్చాయి. డప్పు, ఒగ్గు డోలు, జమిడిక, కిన్నెర కావాలంటే మాత్రం ఎవరికి వారు రికార్డు చేసి దాచుకున్న శాంపిల్సే దిక్కు. ఒకరి డప్పులో 36వ మెట్టు మీద ఉన్న దెబ్బ ఇంకొకరి దగ్గర 48 మీద ఉంటుంది. నేను చేసిన సీక్వెన్స్ మిత్రుడి పెట్టెలో వాయిస్తే డప్పు బదులు ఇంకేదో మోగుతుంది. పాటను చేతులు మార్చలేం, ఒకరి పని మీద ఇంకొకరు కట్టలేం.

ఈ లోటు తీర్చగల స్థానంలో మీరున్నారు. మీ దగ్గర స్థలం ఉంది, ప్రభుత్వ అండ ఉంది, పరిశ్రమలతో సంబంధాలున్నాయి. అందుకే మూడు కోరికలు మీ ముందుంచుతున్నాను.

మొదటిది, మన వాద్యాలకు ఒక ఉమ్మడి ధ్వనుల సంపుటి, ఒక ఉమ్మడి మెట్ల పటం. డప్పునే చూద్దాం. కుడిచేతి సిర్ర నడుమ పడే దెబ్బ, అంచు మీద పడే దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల తేలిక దెబ్బ, రెండూ కలిసిన దెబ్బ, అరచేత్తో ఆపిన దెబ్బ. ఒక్కోదాన్ని కనీసం నాలుగు బలాల్లో రికార్డు చేయాలి. అదే దెబ్బ వెంటవెంటనే వచ్చినప్పుడు యంత్రంలా వినబడకుండా ప్రతిదానికీ మూడు నాలుగు రకాలుండాలి. మంట దగ్గర కాచి తోలు బిగిసినప్పుడొకసారి, చల్లారి శ్రుతి కిందికి దిగినప్పుడొకసారి తీయాలి, ఆ రెండు ధ్వనులూ పాటల్లో కావాలి. ఒగ్గు డోలు రెండు ముఖాలకూ, జమిడికకూ, 12 మెట్ల కిన్నెరకూ ఇదే పద్ధతి. కిన్నెరతో దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యం మాత్రం ఇప్పటికీ మామూలు కీబోర్డుల్లో దొరకదు. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠంలో ఈ కళల మీద ఎన్నో ఏళ్లుగా పని చేసినవాళ్లున్నారు. వాళ్లను కలుపుకోండి. తయారైన ధ్వనులను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేయండి. పటం ఒకసారి స్థిరపడితే కంపెనీలు కూడా దాన్ని అనుసరించక తప్పదు.

రెండోది, వాయించినవాళ్ల హక్కు. డప్పును తరతరాలుగా బతికించినది మాదిగ కళాకారులు. చావుకూ జాతరకూ డప్పు కావాలన్న ఊరే ఆ కళాకారుణ్ని గడప బయట నిలబెట్టింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద ఆ డప్పే ముందు నిలిచింది. ఇప్పుడు దాని ధ్వనిని శాంపిల్‌గా మార్చి, ఒక పూట కూలి ఇచ్చి పంపించేస్తే అదే పాత అన్యాయం కొత్త వేషంలో వచ్చినట్టు. రికార్డు చేసిన ప్రతి కళాకారుడి పేరు ధ్వనులతో పాటు నమోదు కావాలి. తగిన పారితోషికం, వ్యాపార ఉత్పత్తుల్లో వాడితే వాటా, రెండూ రాతపూర్వకంగా ఉండాలి. అంతేకాదు, క్లాసులో తాళం నేర్పే అధ్యాపకుడు ఆయనే కావాలి. ఆయన దగ్గర డిగ్రీ లేదని తోసిపుచ్చొద్దు. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ పేరుతో, పనిచేస్తూ నేర్చుకున్నదానికి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. డప్పు వాయించేవాళ్లకూ, స్టూడియోల్లో తలలు నెరిసిన ప్రోగ్రామర్లకూ దాన్ని వర్తింపజేయండి.

మూడోది, కోర్సు ఎవరికి, ఎలా అన్నది. పదో తరగతి చాలని చెప్పండి. సాయంత్రం బ్యాచ్ పెట్టండి, ఎందుకంటే మా పిల్లలు పగలు ఏదో ఒక పనికి పోతారు. మొదటి సగం పదహారు చానళ్లు, ఇరవై నాలుగు వాయిస్‌ల హద్దులోనే నడవాలి. రెండో సగంలో ల్యాప్‌టాప్, మిక్సింగ్, పాటల హక్కులు, బిల్లు రాయడం నేర్పండి. చివరి మాట నవ్వులాటకు అనడం లేదు. ఈ రంగంలో నోటి మాట మీద పని చేసి డబ్బు రాక తిరిగేవాళ్లే ఎక్కువ. ఎంతకు, ఎన్ని మార్పులకు, ఎప్పటిలోగా అన్నది ఒక కాగితం మీద రాయడం కూడా నైపుణ్యమే.

ఇప్పుడు పాటలు కృత్రిమ మేధ చేసేస్తోంది కదా, ఈ కోర్సు ఎందుకని మీలో ఒకరైనా అడుగుతారు. అది చేస్తుంది, నేను కాదనను. అది ఇచ్చిన పాటలో బేస్ శ్రుతితో ఎక్కడ గొడవపడుతోందో, దెబ్బ ఎందుకు తేలిపోయిందో చెప్పగలిగినవాళ్లకే రేపు పని దొరుకుతుంది. అది మన డప్పు మీద పెద్దగా నేర్చుకుని ఉండదు కూడా. మనం రికార్డు చేయని ధ్వని, మనం కొలవని నడక ఏ యంత్రానికీ దానంతట అది అబ్బదు. పైగా 2020 జనవరిలో మిడి 2.0 వచ్చింది. పదహారు చానళ్ల గుంపులు పదహారు, అంటే 256 చానళ్లు. స్వరం బలానికి 128 అంచెలున్న చోట ఇప్పుడు 65,536 ఉన్నాయి. గమకానికి, డప్పు దెబ్బల సూక్ష్మతకు ఇంతకన్నా అనువైన కాలం లేదు. ముందుగా కూర్చున్నవాళ్ల వాద్యాలే 1991లో పట్టికకెక్కాయి. ఈసారి మనం ఆలస్యం చేయకూడదు.

మొదటి బ్యాచ్ చివర పెట్టాల్సిన పరీక్షను కూడా నేనే సూచిస్తాను. ప్రతి విద్యార్థీ తన ఊరి పాట ఒకటి తీసుకుని, దాన్ని పదహారు చానళ్లలో కట్టి, ఆ మిడి ఫైలును పక్క విద్యార్థికి ఇవ్వాలి. ఆ ఫైలు బరువు కొన్ని కిలోబైట్లే ఉంటుంది, సెల్‌ఫోన్‌లో పంపేయొచ్చు. పక్కవాళ్ల కీబోర్డులో ఆ పాట మోగాలి. డప్పు డప్పులా, కిన్నెర కిన్నెరలా పలికితే, పాట ఊపు చెడకపోతే, కట్టినవాళ్లు పాసైనట్టు. ఉమ్మడి పటం తయారుచేసిన మీరూ పాసైనట్టే.

క్లాస్‌రూమ్ కట్టేదాకా ఆగనక్కర్లేదు. కందుకూరులో ఒక పాఠశాల గది సాయంత్రాలు ఇప్పించండి. కీబోర్డులు మేం తెచ్చుకుంటాం, డప్పు వాయించేవాళ్లను మేం పిలుచుకొస్తాం. తేదీ మాత్రం మీరు చెప్పండి.

ఇట్లు,
కందుకూరు మండలానికి చెందిన ఒక కీబోర్డు ప్రోగ్రామర్